అల్బెర్టా కెనడాను వదిలేస్తే అమెరికాలో కలిసినట్టేనా?

కెనడాలోని అల్బెర్టా ప్రావిన్సులో, విడిపోవడంపై రెఫరెండం పెట్టాలంటూ సంతకాల కోసం తిప్పిన పిటిషన్‌లో ప్రశ్న ఒక్క వాక్యమే: అల్బెర్టా కెనడా నుంచి విడిపోయి స్వతంత్ర దేశం కావడానికి మీరు ఒప్పుకుంటారా? అందులో అమెరికా ఊసే లేదు. అయినా హైదరాబాద్‌లో, ముఖ్యంగా కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో పిల్లలున్న ఇళ్లలో, ఈ వార్త "అల్బెర్టా అమెరికాలో కలిసిపోతుందట" అనే తిరుగుతోంది. కెనడా తమ 51వ రాష్ట్రం కావాలని ట్రంప్ పదేపదే అనడం దీనికి ఒక కారణం. అసలు చిక్కు వేరే ఉంది. దేశాన్ని వదలడం ఒక పని, పక్క దేశంలో చేరడం ఇంకో పని. మొదటిదానికి ఒట్టావా, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వం, మిగతా ప్రావిన్సులు ఒప్పుకోవాలి. రెండోదానికి వాషింగ్టన్ ఒప్పుకోవాలి. అల్బెర్టా ఓటరు చేతిలో ఉన్నది మొదటి పనిని మొదలుపెట్టే అధికారం మాత్రమే. వదలడం అయ్యాక చేరడం కుదరకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. చరిత్రలో ఇలా అడిగి భంగపడ్డ ప్రాంతాలున్నాయి కూడా.

ముందు వదిలే దారి చూద్దాం. ఈ విషయంలో కెనడాకు చాలా దేశాలకు లేని రాతపూర్వక పద్ధతి ఉంది, అది క్యూబెక్ అనే ప్రావిన్స్ వల్ల వచ్చింది. 1980లో క్యూబెక్ మొదటి రెఫరెండంలో వద్దన్నవారు దాదాపు 60 శాతం. 1995 అక్టోబరు 30న రెండోసారి అడిగితే వద్దన్నవారు 50.58 శాతం, కావాలన్నవారు 49.42 శాతం. పోలింగ్ 93 శాతం దాటింది. తేడా 54,288 ఓట్లు. పైగా ఆ ప్రశ్న సూటిగా లేదు. కెనడాకు ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం ప్రతిపాదించాక క్యూబెక్ సార్వభౌమం కావాలా అని అడిగారు. అవునన్నవారిలో పూర్తిగా విడిపోవాలనుకున్నవారు ఎందరు, కేంద్రంతో బేరమాడే బలం కోసం వేసినవారు ఎందరు అనేది ఎవరికీ తేలలేదు.

ఆ భయంతోనే కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టును అడిగింది. 1998 ఆగస్టు 20న కోర్టు ఇచ్చిన జవాబుకు రెండు వైపులా పదునుంది. ఏ ప్రావిన్సుకూ తనంతట తాను విడిపోయే హక్కు లేదు, దేశ రాజ్యాంగం ఇవ్వదు, అంతర్జాతీయ చట్టమూ ఇవ్వదు. కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మాత్రం మిగతా దేశం చర్చలకు కూర్చోవాల్సిందే, మొహం చాటేయడానికి వీల్లేదు. చర్చలు ఫలిస్తాయన్న హామీ మాత్రం లేదు. ఈ చివరి మాటను వేర్పాటు సభల్లో ఎవరూ పెద్దగా వినిపించరు. ఓటర్లకు ముందుగా చెప్పాల్సింది అదే.

2000లో వచ్చిన క్లారిటీ యాక్ట్ దీన్ని మెట్లుగా మార్చింది. ప్రావిన్స్ ప్రభుత్వం ప్రశ్నను అధికారికంగా బయటపెట్టిన 30 రోజుల్లో కామన్స్ సభ, అంటే ఫెడరల్ పార్లమెంటు దిగువ సభ, అది స్పష్టంగా ఉందో లేదో తేల్చాలి. చర్చలకు అధికారం ఇమ్మని మాత్రమే అడిగే ప్రశ్న చెల్లదు. విడిపోవడంతో పాటు వేరే ఏర్పాట్లను కలిపి అసలు విషయాన్ని మసకబార్చే ప్రశ్నా చెల్లదు. అంటే "కెనడాను వదిలి అమెరికాలో చేరదామా" అని ఒకే వాక్యంలో అడిగితే ఈ మొదటి మెట్టు దగ్గరే దెబ్బ తినే ప్రమాదం ఉంది. ఆ ప్రశ్నకు అవునన్నవాడు అమెరికా వద్దంటే స్వతంత్రంగా ఉండటానికి ఒప్పుకున్నట్టా, కాదా? బ్యాలెట్‌లో దానికి జవాబు ఉండదు.

ఓటింగ్ అయ్యాక స్పష్టమైన మెజారిటీ వచ్చిందా లేదా అని కామన్స్ మళ్లీ చూస్తుంది. ఎంత శాతం అన్నది చట్టంలో రాయలేదు. మెజారిటీ ఎంత, పోలింగ్ ఎంత, ఇంకా ఏ పరిస్థితులున్నాయి అని చూస్తారంతే. ఇది పెద్ద లోపం. ఆట అయ్యాక గెలుపు గీత గీసినట్టు ఉంటుంది. 2006లో మాంటెనీగ్రో సెర్బియా నుంచి విడిపోయేటప్పుడు యూరోపియన్ యూనియన్ ముందే 55 శాతం అని గీత గీసింది, 55.5 శాతం వచ్చింది, గొడవ లేకుండా ముగిసింది. కరీబియన్‌లో నెవిస్ దీవికి మూడింట రెండొంతులు కావాలని రాజ్యాంగంలోనే ఉంది. 1998లో దాదాపు 62 శాతం వచ్చింది, అది చాలక అక్కడితో ఆగిపోయింది. అల్బెర్టాలో 52 శాతం వస్తే? అవునన్నవారు గెలిచామంటారు, ఒట్టావా స్పష్టత లేదంటుంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి కోర్టులే.

చర్చలు మొదలైనా ముగింపు రాజ్యాంగ సవరణతోనే. ఏ సూత్రం ప్రకారం సవరించాలో 1998 తీర్పు చెప్పలేదు. మామూలు సూత్రమైతే దేశ జనాభాలో కనీసం సగం ఉన్న ఏడు ప్రావిన్సులు ఒప్పుకోవాలి. పదికి పది ప్రావిన్సులూ ఒప్పుకోవాలన్న వాదనకూ బలం ఉంది. 1990లో మీచ్ లేక్ అనే రాజ్యాంగ సవరణ ఒప్పందం మానిటోబా, న్యూఫౌండ్‌లాండ్ కలిసిరాకపోవడంతో కూలింది. 1992లో షార్లట్‌టౌన్ ఒప్పందాన్ని దేశవ్యాప్త ఓటింగ్‌లో జనమే తోసిపుచ్చారు. అవి విడిపోవడం గురించి కూడా కావు, కలిసి ఉండే పద్ధతిని మార్చడం గురించి. వాటికే అంత కష్టమైతే దీనికెంత?

తెలంగాణ అనుభవంతో చూసే మనవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు మన రాజ్యాంగం ఆర్టికల్ 3లో పార్లమెంటు సాధారణ మెజారిటీ చాలు. అసెంబ్లీ చెప్పేది అభిప్రాయం మాత్రమే. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. అది కూడా దేశం లోపల గీత మార్చడమే. దేశం బయటికి అంగుళం భూమి వెళ్లాలంటే మన దగ్గరా రాజ్యాంగ సవరణ కావాలి. బెరుబారి ప్రాంతాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే విషయమై వచ్చిన కేసులో 1960లో సుప్రీంకోర్టు చెప్పింది అదే. బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడికి 2015లో వందో సవరణ చేసింది అందుకే. ఒక రాష్ట్రం ఓటేసి బయటికి వెళ్లే దారి మన రాజ్యాంగంలో లేదు.

ఇక అల్బెర్టాలో జరిగిన తతంగం. 2025లో అక్కడి ప్రభుత్వం పౌరుల పిటిషన్ చట్టాన్ని సడలించింది. గత ఎన్నికల్లో ఓటేసినవారిలో 10 శాతం సంతకాలు, అంటే 1,77,732 చాలన్నారు. కెనడాలోనే ఉండాలంటూ పోటీగా వచ్చిన పిటిషన్‌కు 4 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. వేర్పాటు ప్రశ్న రాజ్యాంగాన్ని, ఆదివాసీ ఒప్పందాల హక్కులను ఉల్లంఘిస్తోందని 2025 డిసెంబరులో ప్రావిన్స్ కోర్టు తీర్పు ఇచ్చింది. అదే నెలలో ప్రభుత్వం చట్టం మార్చి ఆ అడ్డంకి తీసేసింది. 2026 జనవరి 3 నుంచి మే 2 దాకా సంతకాల సేకరణకు గడువు ఇచ్చారు.

ఆదివాసీ ఒప్పందాల సంగతి ఇక్కడ పక్క విషయం కాదు. అల్బెర్టా ప్రావిన్స్ పుట్టింది 1905లో. అక్కడి ఫస్ట్ నేషన్స్ తెగలు బ్రిటిష్ కిరీటంతో 6వ ఒప్పందం చేసుకున్నది 1876లో, 7వది 1877లో, 8వది 1899లో. దాదాపు ప్రావిన్స్ నేలంతా ఈ మూడింటి కిందికే వస్తుంది. ప్రావిన్స్ కంటే ముందు కుదిరిన ఒప్పందాన్ని, దాంట్లో సంతకమే లేని ప్రావిన్స్ తన వెంట పట్టుకుపోగలదా? వాళ్లు ఒప్పుకోకపోతే ఆ నేల సరిహద్దు ఎటు పోతుంది? ఆదివాసీ హక్కులు, సరిహద్దులు, ఆస్తి అప్పులు, మైనారిటీల రక్షణ, ఈ నాలుగూ చర్చల్లో తేలకుండా సవరణ ప్రతిపాదించకూడదని క్లారిటీ యాక్ట్ పేరుపెట్టి రాసింది.

ఇదంతా దాటిందనుకుందాం. ఇప్పుడు చేరే దారి. అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రాన్ని చేర్చుకునేది కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు. రెండు సభల్లో సాధారణ మెజారిటీ, అధ్యక్షుడి సంతకం. కాగితం మీద ఇంతే. ఆచరణలో సెనెట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కు తేవాలంటే 60 మంది కావాలి. కొత్త రాష్ట్రం వస్తే ఇద్దరు కొత్త సెనెటర్లు వస్తారు, వంద మంది 102 అవుతారు. ప్రతినిధుల సభ సంఖ్య చట్టంలో 435 దగ్గర ఆగి ఉంది. 50 లక్షల జనాభా ఉన్న అల్బెర్టాకు సీట్లు ఇవ్వాలంటే ఇతర రాష్ట్రాలకు కోత పడాలి, లేదా చట్టం మార్చాలి. ఆ ఇద్దరు సెనెటర్లు ఏ పార్టీ వాళ్లవుతారు అన్న లెక్క తేలకుండా ఏ పార్టీ కూడా తొందరపడదు. అమెరికాలోని కన్సర్వేటివ్‌లకు అల్బెర్టా తమ ఊరిలా కనిపించవచ్చు, కానీ ప్రభుత్వ వైద్యానికి అలవాటుపడ్డ జనం అక్కడి ఎన్నికల్లో ఎటు మొగ్గుతారో ఎవరు చెప్పగలరు?

టెక్సాస్ ఉదాహరణ తరచూ చెబుతుంటారు. మెక్సికో నుంచి 1836లో విడిపోయి స్వతంత్ర దేశంగా ఉండి, అమెరికాలో చేరింది కదా అని. చేరింది, కానీ ఎలా? 1844లో చేరిక ఒప్పందాన్ని సెనెట్ 35–16తో తిరస్కరించింది. ఒప్పందానికైతే మూడింట రెండొంతులు కావాలి కాబట్టి, 1845లో మామూలు మెజారిటీ చాలే ఉమ్మడి తీర్మానంగా మళ్లీ తెచ్చారు. సెనెట్‌లో 27–25తో గట్టెక్కింది. మెక్సికో ఒప్పుకోలేదు, మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. విడిపోయిన నాటి నుంచి రాష్ట్రం అయ్యేదాకా తొమ్మిదేళ్లకు పైగా పట్టింది.

రాష్ట్రంగా కాకుండా టెరిటరీగా తీసుకోవచ్చు కూడా. అప్పుడు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు ఉండదు, సభలో ఓటు లేని ఒక ప్రతినిధి ఉంటాడు. న్యూ మెక్సికో 1850లో టెరిటరీ అయి, రాష్ట్రం కావడానికి 1912 దాకా వేచి ఉంది. ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది, 2020లో 52 శాతానికి పైగా రాష్ట్రం కావాలని ఓటేశారు, ఇప్పటికీ రాష్ట్రం కాలేదు.

అల్బెర్టాకు అన్నింటికన్నా దగ్గరి ఉదాహరణ ఎవరూ తలవని ఫోరార్ల్‌బెర్గ్. ఆస్ట్రియా పడమటి కొసన ఉన్న ప్రావిన్స్ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా చితికిపోయాక 1919 మేలో స్విట్జర్లాండ్‌లో చేరడానికి చర్చలు జరపాలా అని ఓటింగ్ పెడితే దాదాపు 80 శాతం అవునన్నారు. రక్తపాతం లేదు, బలవంతం లేదు. భాష కలిసింది, కొండలు కలిశాయి. కానీ స్విట్జర్లాండ్‌కు ఉత్సాహం లేదు. జర్మన్ మాట్లాడే క్యాథలిక్ జనం ఒక్కసారిగా పెరిగితే తమ భాషల మధ్య, మతాల మధ్య ఉన్న సమతూకం చెడుతుందని అక్కడి వాళ్లు భయపడ్డారు. యుద్ధంలో గెలిచిన దేశాలకూ ఇష్టం లేదు. ఫోరార్ల్‌బెర్గ్ ఇప్పటికీ ఆస్ట్రియాలోనే ఉంది. చేరాలనుకునేవాడి ఉత్సాహం కాదు, చేర్చుకునేవాడి లెక్కే నిర్ణయిస్తుందని దీనికంటే స్పష్టంగా చెప్పే సంఘటన లేదు.

ఇంకో తేడా ఉంది, దాన్ని అల్బెర్టా ఓటర్ల ముందు ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కెనడాలో విడిపోవడానికి, కష్టమైనా సరే, చట్టబద్ధమైన దారి ఉంది. అమెరికాలో లేదు. 1869లో టెక్సాస్ వర్సెస్ వైట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒకసారి చేరిన రాష్ట్రం తనంతట తాను వెళ్లిపోవడం కుదరదని తేల్చేసింది. ఒట్టావా మీద కోపంతో వాషింగ్టన్‌కు వెళ్లినవాళ్లకు రేపు వాషింగ్టన్ మీద కోపం వస్తే ఈ రెఫరెండం సౌకర్యం ఉండదు.

సరిగ్గా రాసుకున్న పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే ఉత్తర ఐర్లండ్ వైపు చూడాలి. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం అక్కడి మెజారిటీ బ్రిటన్‌ను వదిలి ఐర్లండ్‌లో కలవాలని ఓటేస్తే బ్రిటన్ దాన్ని అమలు చేయాలి. సగానికి ఒక్క ఓటు ఎక్కువైనా చాలు. ఐర్లండ్ ప్రజలూ తమవైపు విడిగా ఒప్పుకోవాలి. ఓడితే మళ్లీ ఏడేళ్ల దాకా అడగకూడదు. వదిలే తలుపు, చేరే తలుపు ఒకే ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి మధ్యలో దిక్కులేని కాలం రాదు. ఒట్టావా, వాషింగ్టన్ మధ్య ఇలాంటి ఒప్పందం లేదు.

వదలడానికీ చేరడానికీ మధ్య ఉండే ఆ కాలంలో అసలు తగువు డబ్బు దగ్గరే వస్తుంది. ఫెడరల్ అప్పులో అల్బెర్టా వాటా ఎంత? జనాభా లెక్కన అయితే సుమారు 12 శాతం. పెన్షన్ నిధి దగ్గర మాత్రం ప్రావిన్స్ ప్రభుత్వం ఆ లెక్క వాడలేదు. కెనడా పెన్షన్ ప్లాన్ నుంచి బయటికొస్తే మొత్తం నిధిలో 53 శాతం, 334 బిలియన్ డాలర్లు, తమకే రావాలని 2023లో తాను చేయించిన నివేదికను ముందుపెట్టింది. జనాభాలో ఎనిమిదో వంతు ఉన్న ప్రావిన్స్ నిధిలో సగానికి పైగా అడిగితే మిగతావాళ్లు ఊరుకుంటారా? ఇది దేశం లోపల ఉండి అడిగిన లెక్క. చమురు బయటికి పోయే దారి ఇంకో తలనొప్పి. అల్బెర్టాకు సముద్రం లేదు. రోజుకు 8,90,000 పీపాలు పసిఫిక్ తీరానికి మోసే ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ ఫెడరల్ ప్రభుత్వానిది, 2018లో 450 కోట్ల డాలర్లకు కొన్నది. అది పొరుగు ప్రావిన్స్ బ్రిటిష్ కొలంబియా మీదుగా వెళుతుంది. విడిపోతే అది పరాయి దేశపు నేల.

ఆస్తుల పంపకం ఎంతకాలం నడుస్తుందో మనకు వేరే చెప్పాలా? ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం అప్పులను జనాభా నిష్పత్తిలో 58.32, 41.68 అని పంచింది. తొమ్మిదో షెడ్యూల్‌లో 91 సంస్థలు, పదో షెడ్యూల్‌లో 142 సంస్థలు పెట్టింది. ఒకే దేశం, ఒకే రూపాయి, ఒకే సుప్రీంకోర్టు ఉండి కూడా పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసేనాటికి వాటి లెక్కలు పూర్తిగా తెగలేదు.

దేశాల మధ్య పడితే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాద్ సంస్థానం డబ్బే సాక్ష్యం. 1948 సెప్టెంబరులో, పోలీస్ చర్య జరిగిన రోజుల్లో, నిజాం ప్రభుత్వం పేర లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు వెళ్లాయి. కొద్ది రోజులకే నిజాం వెనక్కి ఇమ్మన్నాడు, బ్యాంకు ఇవ్వలేదు. పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ ఉందంటూ 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కేసును ఆపేసింది. 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు ఆ సొమ్ము భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందుతుందని తేల్చేసరికి అది వడ్డీతో దాదాపు 3.5 కోట్ల పౌండ్లయింది. ఒక్క బ్యాంకు ఖాతాకు 71 ఏళ్లు.

కరెన్సీ కూడా జెండాతో పాటు మారదు. 1955 ఓటింగ్ తర్వాత, అప్పటిదాకా ఫ్రాన్స్ పట్టులో ఉన్న సార్ (Saar) ప్రాంతం 1957 జనవరి 1న పశ్చిమ జర్మనీలో చేరింది. జీతాలు, సరుకులు మాత్రం 1959 జూలై దాకా ఫ్రాంకుల్లోనే నడిచాయి. కంపెనీలు అంతకాలం ఆగవు. 2017 అక్టోబరులో స్పెయిన్‌లో కాటలోనియా వేర్పాటు సంక్షోభం మొదలైన రోజుల్లోనే అక్కడి బ్యాంకులు కైక్సాబ్యాంక్ వాలెన్సియాకు, సబాడెల్ అలికాంతెకు, అంటే కాటలోనియా బయటికి, రిజిస్టర్డ్ ఆఫీసులు మార్చేశాయి.

ఇక అక్కడున్న మనవాళ్ల సంగతి. అల్బెర్టా కోటాలో నామినేషన్ వచ్చినా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వమే. అది కెనడాలో ఉండే హక్కు, అల్బెర్టాలో ఉండే హక్కు కాదు. అల్బెర్టా వెళ్లిపోతే ఆ కార్డు గ్రీన్ కార్డుగా మారే చట్టం ఏదీ లేదు. గతంలో అమెరికా కొత్త నేల కలుపుకున్నప్పుడు, 1848లో మెక్సికో నుంచి గానీ 1867లో అలాస్కా గానీ, ఒప్పందాల్లో పాత దేశపు పౌరులకు, అక్కడి స్థిరనివాసులకు ఉండాలా వెళ్లాలా అన్న ఎంపిక ఇచ్చారు. మెక్సికన్లకు ఏడాది, అలాస్కాలో మూడేళ్లు. వీసా మీద వచ్చిన మూడో దేశం వాళ్లకు అలాంటి ఏర్పాటు ఉండాలంటే కొత్తగా రాసుకోవాలి. అమెరికా గ్రీన్ కార్డుల ఉద్యోగ కోటాలో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితితో ఏళ్ల తరబడి మన క్యూ సాగుతుంటే, కాల్గరీ అడ్రసుతో దాన్ని దాటిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

రెఫరెండంలో ఓటు కెనడా పౌరులకే. పీఆర్ ఉన్నవాళ్లకు, వర్క్ పర్మిట్, స్టడీ పర్మిట్ వాళ్లకు లేదు. కానీ పౌరులతో పాటు పీఆర్ ఉన్నవాళ్లకూ ఏ ప్రావిన్సుకైనా మారి పనిచేసుకునే హక్కు కెనడా హక్కుల పత్రం ఆరో సెక్షన్ ఇస్తోంది. పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు, పౌరసత్వానికి ఐదేళ్లలో 1,095 రోజులు కెనడాలో ఉండాలి. విడిపోయాక అల్బెర్టాలో గడిపిన రోజులు ఆ లెక్కలోకి వస్తాయా అన్నది చర్చల్లో తేలాల్సిన విషయం. ఇప్పటి రోజులు మాత్రం నిక్షేపంగా లెక్కకు వస్తాయి. అందుకే ల్యాండింగ్ పత్రం, పాస్‌పోర్టు స్టాంపులు, టీ4లు (ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), పన్ను అసెస్‌మెంట్ నోటీసులు, పెన్షన్ చందాల స్టేట్‌మెంట్ ఒకచోట స్కాన్ చేసి పెట్టుకోవాలి. 1,095 రోజులు నిండినవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు చేసేముందు మన పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చూసుకోవాలి. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, కావాలంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) తీసుకోవచ్చు. రేపు అల్బెర్టా సొంతంగా పౌరసత్వం ఇస్తానన్నా, అడిగి తీసుకుంటే ఇదే వర్తిస్తుంది.

పొదుపు విషయంలో ఒక్క మాట. ఆర్‌ఆర్‌ఎస్‌పీకి, అంటే కెనడాలో రిటైర్మెంట్ పొదుపు ఖాతాకు, కెనడా, అమెరికా పన్ను ఒప్పందంలో రక్షణ ఉంది. టీఎఫ్‌ఎస్‌ఏకు, అంటే పన్ను లేని పొదుపు ఖాతాకు, లేదు. దానిలో వచ్చే రాబడికి కెనడాలో పన్ను పడదు గానీ అమెరికా పన్ను చట్టం దాన్ని మామూలు ఖాతాగానే చూస్తుంది. అల్బెర్టా ఎటు పోయినా పోకపోయినా, ఉద్యోగం మారి సరిహద్దు దాటి డల్లాస్‌కో సియాటిల్‌కో వెళ్లేవాళ్లు ఆ ఖాతాను ఏం చేయాలో వెళ్లకముందే పన్ను నిపుణుడితో తేల్చుకోవాలి.